ముందు టేపు, తర్వాత మెషిన్

వీల్ అలైన్‌మెంట్ అయ్యాక షాపువాళ్లు చేతిలో పెట్టే కాగితం మీద దాదాపు అన్నీ ఉంటాయి. క్యాంబర్ ఎంత, క్యాస్టర్ ఎంత, టో ఎంత, బండి ఎక్కించినప్పుడు ఎంతుంది, దించేటప్పటికి ఎంతైంది. ఎర్రగా ఉన్న గడులు పచ్చగా మారి ఉంటాయి. చాలా షాపుల్లో ఆ కాగితం మీద కనిపించనిది ఒకటే: కొలిచే సమయానికి మీ బండి ఎంత ఎత్తులో నిలబడి ఉంది అన్నది. మామూలు స్ప్రింగుల బండికి ఆ లోటు పెద్దగా నష్టం చేయదు. ఎయిర్ సస్పెన్షన్ బండి విషయంలో ఆ ఎత్తు తెలియకపోతే మిగతా అంకెలు నమ్మడానికి ఆధారమే ఉండదు.

ఈ అధ్యాయం మెకానిక్ కోసం రాసింది కాదు. బెంగళూరులో ఉంటూ ఆడి క్యూ7, మెర్సిడెస్ జీఎల్ఎస్, బీఎండబ్ల్యూ 7 సిరీస్, రేంజ్ రోవర్, వోల్వో ఎక్స్‌సీ90 లాంటి బండి కొత్తదో సెకండ్ హ్యాండ్‌దో కొనుక్కుని, టైర్ల షాపు ముందు నిలబడి ‘అదంతా వాళ్లకే తెలుస్తుందిలే’ అనుకునే యజమాని కోసం. ముఖ్యంగా సెకండ్ హ్యాండ్ కొన్నవాళ్ల కోసం. కొత్త బండి వారంటీలో ఉన్నన్నాళ్లూ షోరూమువాడే చూసుకుంటాడు. అసలు కథ ఆ తర్వాత మొదలవుతుంది.

గాలి మీద నిలబడే బండి

ఇనప స్ప్రింగు మీద నిలబడ్డ బండి ఎత్తును ఆ స్ప్రింగే నిర్ణయిస్తుంది. బరువు వేస్తే దిగుతుంది, తీస్తే లేస్తుంది. ఖాళీగా నిలబెడితే నిన్న ఎంతుందో ఇవాళా ఇంచుమించు అంతే. ఎయిర్ సస్పెన్షన్‌లో ఆ స్ప్రింగు ఉండాల్సిన చోట గాలి నింపిన రబ్బరు తిత్తి ఉంటుంది. మెకానిక్కులు బెలూన్ అనేది దీన్నే. దానికి గాలి కొట్టే కంప్రెసర్, గాలిని ఏ మూలకు పంపాలో చూసే వాల్వ్ బ్లాకు, చక్రాల దగ్గర ఎత్తును కనిపెట్టే సెన్సర్లు, వీటన్నిటి మీదా పెత్తనం చేసే కంప్యూటరు ఉంటాయి. చాలా మోడళ్లలో గాలి నిలవ చేసే చిన్న ట్యాంకు కూడా ఉంటుంది. ఈ బండి ఎంత ఎత్తులో నిలబడాలన్నది కంప్యూటరు ఘడియ ఘడియకూ తేల్చుకునే సంగతి. హైవే ఎక్కి వేగం పెంచితే తనంతట తాను కిందికి దిగుతుంది. గతుకుల రోడ్డు మోడ్ నొక్కితే పైకి లేస్తుంది. కొన్ని బండ్లు మనం ఎక్కి దిగడానికి వీలుగా మరీ కిందికి వంగుతాయి.

చక్రాన్ని బండికి కట్టి ఉంచే ఆర్ములు ఒక కీలు చుట్టూ తిరుగుతాయి. బాడీ కిందికి దిగితే ఆర్ముల వాలు మారుతుంది, వాటితో పాటు చక్రం నిలబడే తీరు కూడా మారుతుంది. ఇలాంటి కార్లలో బాడీ దిగేకొద్దీ సాధారణంగా చక్రం పైభాగం లోపలికి వాలుతుంది. అంటే క్యాంబర్ నెగటివ్ వైపు పోతుంది. టో, అంటే పైనుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, అది కూడా స్థిరంగా ఉండదు. ఎన్ని మిల్లీమీటర్లు దిగితే ఎంత మారుతుందన్నది మోడల్‌ను బట్టి ఉంటుంది కాబట్టి, కంపెనీ తన కోణాలను ఒక నిర్ణీత ఎత్తుకు ముడిపెట్టి ఇస్తుంది. ఆ ఎత్తులో లేని బండిని మెషిన్ ఎక్కించి కోణాలు సరిచేయడమంటే, కుర్చీలో కూర్చున్న మనిషికి ప్యాంటు పొడవు కొలిచినట్టే. టేపు మంచిదే, దర్జీ నేర్పరే. లేచి నిలబడ్డాక గానీ తప్పు తెలియదు.

తప్పు ఎంత చిన్నదైతే మాత్రం ఏమవుతుందని తీసిపారేయకండి. చక్రం తాను పోవాల్సిన దిక్కుకు ఒక డిగ్రీలో పదో వంతు, అంటే 6 నిమిషాలు పక్కకు తిరిగి ఉందనుకుందాం. అలా దొర్లిన టైరు ప్రతి కిలోమీటరుకూ సుమారు 1.75 మీటర్లు పక్కకు ఈడ్చుకుంటూ పోతుంది. బెంగళూరు నుంచి హైదరాబాదుకు జాతీయ రహదారి 44 మీద సుమారు 570 కిలోమీటర్లు. చిక్కబళ్లాపురం, బాగేపల్లి, అనంతపురం, కర్నూలు దాటి మీరు ఊరు చేరేసరికి ఆ టైరు తారు మీద దాదాపు ఒక కిలోమీటరు దూరం అడ్డంగా అరిగి ఉంటుంది. తిరుగు ప్రయాణం లెక్క వేరే. ఈ బండ్ల టైర్ల ధర తెలిసినవాళ్లకు ఇంకేం చెప్పనక్కర్లేదు.

బస్సుల ఊరు

బెంగళూరు జనం ఈ గాలి సుఖాన్ని కార్లలో కన్నా ముందు బస్సుల్లో రుచి చూశారు. ఊరికి తూర్పున, కోలారు పోయే దారిలో ఉన్న హొసకోటెలో వోల్వో 1998లో ట్రక్కుల ఫ్యాక్టరీ పెట్టింది. 2001లో బీ7ఆర్ బస్సు వచ్చింది. కేఎస్‌ఆర్‌టీసీ ఐరావత, మన ఆర్టీసీ గరుడ అని పేర్లు పెట్టి ఈ బస్సుల్ని తిప్పాయి. కమాను పట్టీల బస్సులో రాత్రంతా ఎగిరెగిరి పడ్డ ప్రాణానికి అది వేరే లోకంలా ఉండేది. తర్వాత బీఎంటీసీ వజ్ర సిటీ బస్సులు వచ్చాయి. స్టాపులో ఆగినప్పుడు గాలి వదిలి ఒక పక్కకు వంగి ముసలివాళ్లను ఎక్కించుకోవడం ఆ బస్సుల్లోనే చూశాం.

ఆ బస్సుల వల్ల ఈ ఊళ్లో గాలి బెలూన్లు, లెవలింగ్ వాల్వులు తెలిసిన పనివాళ్లు తయారయ్యారు. అది మేలే. చిక్కేమిటంటే, బస్సు తెలివి కారుకు యథాతథంగా పనికిరాదు. ఎక్కువ బస్సుల్లో రెండు చక్రాలనూ కలిపే ఇరుసు ఒకే మొద్దు. బస్సు ఎత్తు కాస్త మారినా క్యాంబర్ అంతగా కదలదు. అక్కడ చూడాల్సింది ముందు చక్రాల టో, వెనక ఇరుసు బండి నడి గీతకు లంబంగా ఉందా వంకరపోయిందా, మూడో ఇరుసు ఉంటే అది రెండోదానికి సమాంతరంగా ఉందా అన్నవి. కారులో నాలుగు చక్రాలూ నాలుగు రకాలుగా కదులుతాయి. ‘వోల్వో బస్సులకే చేసినవాళ్లం సార్, ఇదెంత’ అని ఎవరైనా అంటే ఆ అనుభవాన్ని గౌరవించండి. ఎత్తు ప్రశ్న మాత్రం అడక్క మానకండి.

కార్లలో ఈ ఏర్పాటు కొత్తదేమీ కాదు. అమెరికాలో 1957లో క్యాడిలాక్ ఎల్డొరాడో బ్రోమ్‌కు ఎయిర్ సస్పెన్షన్ పెట్టారు. గాలి కారుతోందని విసిగి, చాలామంది యజమానులు దాన్ని పీకించి ఇనప స్ప్రింగులు వేయించుకున్నారు. 1992లో రేంజ్ రోవర్‌కూ, 1998లో ఎస్-క్లాస్‌కూ ఎలక్ట్రానిక్ పర్యవేక్షణతో వచ్చాక గానీ ఇది నిలదొక్కుకోలేదు. విసుగు మాత్రం నేటికీ పోలేదు. వారంటీ అయిపోయాక బెలూన్ల ఖరీదు విని కాయిల్ స్ప్రింగులకు మార్పించేసినవాళ్లు ఇక్కడా ఉన్నారు. మీరు కొన్న సెకండ్ హ్యాండ్ బండి అలా మారినదేమో ముందు కనుక్కోండి. మారి ఉంటే దాని ఎత్తు కంపెనీ చెప్పిన ఎత్తు కాకపోవచ్చు. కంపెనీ కోణాలు దానికి అతకకపోవచ్చు.

అవసరం ఉందో లేదో

స్టీరింగు వణికితే అలైన్‌మెంట్ అంటారు చాలామంది. వణుకు ఎక్కువ సార్లు బ్యాలెన్సింగ్ తప్పడం వల్ల వస్తుంది, లేదా రిమ్ము సొట్టపడటం వల్ల. అలైన్‌మెంట్ పోయిన బండి వేరేలా చెబుతుంది. చదునైన రోడ్డు మీద తిన్నగా పోతుంటే స్టీరింగు వంకరగా ఉంటుంది. బండి ఒక పక్కకు లాగుతుంది. టైరు ఒక అంచు మాత్రమే తినేస్తుంది.

ఈ చివరిది ఎయిర్ సస్పెన్షన్ బండ్లలో మోసం చేస్తుంది. తినేది ఎక్కువగా లోపలి అంచు. బయట నిలబడి చూస్తే టైరు కొత్తదానిలా మెరుస్తూ ఉంటుంది. ముందు చక్రాలైతే స్టీరింగు పూర్తిగా తిప్పి చూడొచ్చు. వెనకవాటికి ఫోన్ చేత్తో పట్టుకుని కారు కిందికి చాపి ఫోటో తీయడమే సులువు. చాలామందికి వెనక టైరు లోపలి అంచున తీగలు బయటపడ్డ సంగతి పంచరు వేసే కుర్రాడు చెప్పేదాకా తెలియదు. ఎప్పుడూ స్పోర్ట్ మోడ్‌లో, అంటే దించిన ఎత్తులో తిరిగే అలవాటున్నవాళ్లకు ఇది ఇంకా త్వరగా వస్తుంది. బండిని మామూలు ఎత్తుకు సరిచేసి, నడపడం మాత్రం ఎప్పుడూ దించి నడిపితే కోణాలు నిలవవు కదా.

ఒక పక్కకు లాగడానికి టైరు కూడా కారణం కావచ్చు. ముందు టైర్లు రెండూ అటుదిటు మార్చి చూడండి. లాగే దిక్కు మారితే తప్పు టైరుది, అలైన్‌మెంట్‌ది కాదు. ఒకే దిక్కుకు తిరగాలని బాణం గుర్తున్న టైర్లకు ఇది కుదరదు. రోడ్డు వాలునూ మరచిపోకండి. వాన నీళ్లు పోవడానికి మన రోడ్లను అంచుల వైపు వాలుగా వేస్తారు. ఎడమ లైనులో ఏ బండైనా కాస్త ఎడమకే పోతుంది.

బెంగళూరు రోడ్ల మీద ఈ పని ఎన్నాళ్లకోసారి చేయించాలని అడుగుతారు. కిలోమీటర్ల లెక్క ఒకటి చెప్పడం నాకు ఇష్టం లేదు. ఏం జరిగిందన్నదే లెక్క. వానాకాలంలో నీళ్లు నిండిన గుంటలో దబ్బున పడిందా, ఫుట్‌పాత్ అంచుకు గుద్దుకుందా, ఆర్మో స్ట్రట్టో బెలూనో మార్చారా, అప్పుడు చూపించాలి. స్పీడ్ హంపుల సంగతి వేరే చెప్పాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం మామూలు ట్రాఫిక్‌కు హంపు 3.7 మీటర్ల వెడల్పున, 10 సెంటీమీటర్ల ఎత్తున, గంటకు 25 కిలోమీటర్ల వేగంతో సాఫీగా దాటేలా గుండ్రంగా ఉండాలి. మన కాలనీ సందుల్లో ఉండే హంపులు ఎవరి ఇంటి ముందు వాళ్లు పోయించుకున్నట్టు ఉంటాయి. దించిన ఎత్తులో ఉన్న బండి వాటి మీద పొట్ట గీరుకుంటుంది. హంపు కనబడగానే బండి ఎత్తు పెంచే తొందర కన్నా, ఆగి మెల్లగా దాటే ఓపిక కంప్రెసర్‌కు మంచిది.

ఇంట్లో చేయాల్సిన కొలత

షాపుకు పోయే ముందు రోజు అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో, నేల చదునుగా ఉన్నచోట బండి నిలపండి. వాలున్న ర్యాంపు మీద వద్దు. టైర్ల గాలి డ్రైవర్ తలుపు దగ్గర అంటించిన పట్టీలో రాసినంత ఉండాలి. మోడ్ నార్మల్. డిక్కీలో సిమెంటు బస్తాల నుంచి క్రికెట్ కిట్టు దాకా ఉన్న సామానంతా దించండి. ఇంజిన్ నడుస్తుండగా తలుపులన్నీ మూసి, బండి తన ఎత్తుకు వచ్చి స్థిరపడే దాకా ఆగండి. తర్వాత టేపు తీయండి.

కొలత చక్రం నడిబొడ్డు నుంచి, సరిగ్గా దానిపైన ఉన్న ఫెండర్ అంచు దాకా. నేల నుంచి కొలవకండి. టైరు అరిగినా, గాలి తగ్గినా ఆ కొలత మారిపోతుంది. నాలుగు మూలలూ కొలిచి మిల్లీమీటర్లలో కాగితం మీద రాసుకోండి. ఎడమ కుడి తేడా ఎంతో చూడండి. ఒకటి రెండు మిల్లీమీటర్లు టేపు పట్టుకున్న చెయ్యి తేడా కావచ్చు. స్పష్టంగా కనబడే తేడా ఉంటే అలైన్‌మెంట్ మాట పక్కన పెట్టి, ముందు ఎత్తు సంగతి చూపించాలి. కంపెనీ ఎత్తు ఎంతో సర్వీసు సెంటరులో అడిగితే చెబుతారు. అలాగే కొలిచే పద్ధతి కూడా అడగండి, కంపెనీని బట్టి అది మారుతుంది.

మర్నాడు పొద్దున్నే, ఇంజిన్ వేయకముందే, మళ్లీ కొలవండి. ఒక మూల బాగా దిగిందంటే అక్కడ గాలి కారుతోంది. రాత్రి చలికి కాస్త దిగడం మామూలే. ఇక్కడొక మెలిక ఉంది. కొన్ని బండ్లు, రేంజ్ రోవర్ వాటిలో ఒకటి, ఇంజిన్ ఆపిన తర్వాత కూడా మధ్యలో మేలుకుని, దిగిపోయిన మూలకు సరిపోయేలా మిగతా మూడింటినీ దించుతాయి. పొద్దున చూస్తే బండి చక్కగా సమంగా కనబడుతుంది. అంతా కిందికి దిగి ఉంటుంది. కాబట్టి నాలుగూ సమానమా అని చూసి ఊరుకోకుండా, నిన్న రాత్రి కొలతతో పోల్చండి.

గాలి కారే బండికి అలైన్‌మెంట్ చేయించడం డబ్బు దండగ. ముందు లీకు. దాని తర్వాత, బెలూనో సెన్సరో మార్చి ఉంటే, డయాగ్నోస్టిక్ స్కానరుతో ఎత్తు క్యాలిబ్రేషన్. ఆ పైనే అలైన్‌మెంట్. ఈ వరస తప్పితే అలైన్‌మెంట్ మళ్లీ చేయించాలి.

క్యాలిబ్రేషన్ అన్నానుగా, అదెందుకో చెప్పాలి. సెన్సర్ ఇచ్చేది ఒక సంకేతం. ఆ సంకేతం వస్తే బండి ఇంత ఎత్తులో ఉందని కంప్యూటరుకు ఒకసారి నేర్పి ఉంచుతారు. ఆ నేర్పింది తప్పైతే, కంప్యూటరు నిజాయితీగా బండిని తప్పుడు ఎత్తులో నిలబెట్టి నార్మల్ అని చూపిస్తుంది. బండి కిందికి ఉంటే అందమని సెన్సర్ లింకు కడ్డీలు మార్పించే కుర్రకారు సరిగ్గా చేసేది ఇదే, కంప్యూటరును మోసం చేయడం. పాత యజమాని అలాంటి సరదా మనిషైతే డాష్‌బోర్డు మీద ఏ లైటూ వెలగదు. టేపు ఒక్కటే నిజం చెబుతుంది.

షాపులో అడగాల్సింది

జేసీ రోడ్డు, లాల్‌బాగ్ రోడ్డు చుట్టుపక్కల నుంచి మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ దాకా అలైన్‌మెంట్ బోర్డులకు కొదవలేదు. మంచి కెమెరా మెషిన్లున్న చోట్లు చాలా ఉన్నాయి. మెషిన్ ఏ దేశానిదన్నది చివరి ప్రశ్న. పక్కనున్న పుదుచ్చేరిలో మానాటెక్ తయారు చేసిన మెషిన్ అయినా, అమెరికా నుంచి వచ్చిన హంటర్ అయినా, కొలిచేది తన ముందు నిలబెట్టిన బండినే.

అడగడానికి మనకు మొహమాటం. పనిచేసేవాడి పనితనాన్ని శంకించినట్టు ఉంటుందేమోనని, కారు ఖరీదైనదై ఉండి మనకు తెలియదని బయటపడుతుందేమోనని. చిత్తూరు, అనంతపురం వైపు నుంచి వచ్చిన పనివాళ్లు ఈ షాపుల్లో కనిపిస్తారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. పరీక్ష పెట్టినట్టు కాకుండా పని గురించి అడిగితే ఎవరూ నొచ్చుకోరు.

“అన్నా, ఇది ఎయిర్ సస్పెన్షన్ బండి. అలైన్‌మెంట్‌కు ముందు ఎత్తు ఎట్ల చూస్తారు?”

“అవసరం లేదు సార్, మెషిన్ అంతా చూసుకుంటాది” అన్న జవాబు వస్తే థ్యాంక్స్ చెప్పి వచ్చేయండి. “నార్మల్ మోడ్‌లో పెట్టి చేస్తాం సార్” అన్నది సగం జవాబు. నార్మల్ అని కంప్యూటరు అనుకునేది నిజంగా నార్మలేనా అని తేల్చుకుంటే పూర్తి జవాబు అవుతుంది. అప్పుడు మీ కాగితం తీసి, “రాత్రి నేను కొలిచినాను, మీరూ ఒకసారి టేపు పట్టి చూడండి” అనొచ్చు. “స్కానర్ తగిలించి సెన్సర్ రీడింగ్ చూస్తాం, కొలుస్తాం, తర్వాతే చక్రాలకు మెషిన్ క్లాంపులు ఎక్కిస్తాం” అన్నవాడికి తాళాలు ఇచ్చేయొచ్చు.

కంపెనీకో పద్ధతి ఉంటుంది. ల్యాండ్ రోవర్ బండ్లకు టైట్ టాలరెన్స్ మోడ్ అని ఉంది. మామూలుగా ఈ బండి చెప్పిన ఎత్తుకు కొన్ని మిల్లీమీటర్లు అటూ ఇటూ ఉన్నా కంప్యూటరు ఊరుకుంటుంది. స్కానరుతో ఈ మోడ్ వేస్తే ఆ సడలింపు తగ్గించి, ఎత్తును ఖచ్చితంగా పట్టుకుంటుంది. ఆ స్కానరు లేని షాపులో ఈ పని జరగదు. మెర్సిడెస్ పద్ధతిలో రోమెస్ అనే చిన్న కోణమానిని ఆర్ముల మీద పెట్టి వాటి వాలు చూస్తారు. ఆ వాలుకు తగిన క్యాంబర్, టో ఎంత ఉండాలో పట్టిక చెబుతుంది. అనేక పాత బీఎండబ్ల్యూలకైతే సీట్లలో మనుషులకు బదులు 68 కిలోల చొప్పున బరువులు పెట్టి కొలవమన్నారు. మీ మోడల్‌కు ఏది వర్తిస్తుందో షాపువాడికి మీరు చెప్పనక్కర్లేదు. అతనికి తెలుసా లేదా అన్నది మాటల్లో తేలిపోతుంది.

రెండో ప్రశ్న జాకీ గురించి. క్లాంపులు తగిలించాక రిమ్ము వంకరను లెక్కలోంచి తీసేయడానికి కొందరు బండిని ముందుకూ వెనక్కూ కాస్త దొర్లిస్తారు, కొందరు జాకీతో చక్రాలు లేపి తిప్పుతారు. చక్రాలు వేలాడితే బాడీ మరీ ఎత్తుకు పోయిందని కంప్యూటరు భ్రమపడి గాలి వదిలేయవచ్చు. తర్వాత దించినప్పుడు గాలిలేని బెలూన్ మడతపడి నలిగే ప్రమాదం ఉంది. అందుకే ఈ బండ్లలో జాక్ మోడ్ ఉంటుంది. పేరు, ఉండే చోటు కంపెనీని బట్టి మారతాయి, యజమాని పుస్తకంలో ఉంటుంది. దొర్లించే పద్ధతైతే ఈ గొడవ ఉండదు. జాకీ వేస్తే మోడ్ వేశాకే వేయమనండి, దించాక మోడ్ తీసేసి బండి మళ్లీ తన ఎత్తుకు వచ్చే దాకా ఆగమనండి.

ఆ ఆగడమే షాపువాళ్లకు కష్టం. వెనక ఇంకో నాలుగు బండ్లు వేచి ఉంటాయి. తలుపు తెరిచి ఉంటే ఎత్తు సర్దుకోవడం మానేసే బండ్లున్నాయి. కుర్రాడు స్టీరింగు లాక్ పెట్టడానికి తలుపు తీసి, అలాగే వదిలేసి పని మొదలుపెడతాడు. ఇగ్నిషన్ వేసి చాలాసేపు ఉంచితే బ్యాటరీ దిగి కంప్రెసర్ మొరాయించవచ్చు, ఛార్జర్ తగిలించి ఉంటే మంచిది. మీరు పక్కన నిలబడి ఈ రెండూ గమనించడంలో తప్పేం లేదు. టీ తాగిరమ్మని పంపిస్తే తాగి రండి, త్వరగా రండి.

కాగితం చదవడం

పని వెనక చక్రాల నుంచి మొదలవ్వాలి. వెనక చక్రాలు రెండూ కలిసి బండిని ఏ దిక్కుకు తోస్తాయో దాన్నే థ్రస్ట్ యాంగిల్ అంటారు. అది నడి గీతకు దగ్గరగా వచ్చాకే ముందు టో సరిచేస్తే స్టీరింగు తిన్నగా నిలుస్తుంది. వెనక ముట్టుకోకుండా ముందు మాత్రమే తిప్పి ఇచ్చేసినవాడు సగం పనే చేశాడు.

క్యాంబర్, క్యాస్టర్ (చక్రం స్టీరింగుతో తిరిగే అక్షం ముందుకో వెనక్కో వాలిన కోణం) అంకెల్లో ఎడమ కుడి మధ్య తేడా చూడండి. రెండూ హద్దులోపలే ఉండి, ఒకటి ఈ చివర, ఇంకోటి ఆ చివర ఉంటే కాగితం పచ్చగానే ఉంటుంది, బండి మాత్రం లాగుతుంది. ఏదైనా గడి ఎర్రగానే మిగిలిందా? చాలా కార్లలో అన్ని కోణాలూ సరిచేసే వీలుండదు. మిగిలిన ఎరుపు ఏదో భాగం వంగిందనో, బుష్ అరిగిందనో, లేదా మనం మాట్లాడుకుంటున్నట్టు ఎత్తు తప్పిందనో చెబుతోంది. అదే సమాచారం. దాన్ని పచ్చగా మార్చి చూపించాలని కొన్నిచోట్ల హైడ్రాలిక్ జాకీతో క్యాంబర్ బెండ్ చేస్తారు, అంటే స్ట్రట్టునో, చక్రాన్ని పట్టుకున్న నకిల్‌నో బలవంతంగా వంచుతారు. ఇది ఏ బండికీ మంచిది కాదు. బెలూన్ ఉన్న స్ట్రట్టు మీద అయితే ఒప్పుకోనే వద్దు. అరిగిన బుష్ మార్చడానికి అయ్యే ఖర్చు భరించండి, వంచడానికి ఒప్పుకోకండి.

పని అయ్యాక ఇంకో మాట అడగాలి: స్టీరింగ్ యాంగిల్ సెన్సర్ జీరో చేశారా? ఇది తప్పితే స్టీరింగు తిన్నగా ఉన్నా కంప్యూటరు తిరిగి ఉందనుకుంటుంది. ఈఎస్‌పీ లైటు వెలిగి మర్నాడు మళ్లీ తిరగాల్సి వస్తుంది. లైను దాటితే హెచ్చరించే కెమెరా, ముందు బండిని చూసే రాడార్ ఉన్న మోడళ్లలో వెనక చక్రాల దిక్కు మారితే వాటికీ క్యాలిబ్రేషన్ అవసరం కావచ్చు. అది టైర్ల షాపు పని కాకపోవచ్చు, సర్వీసు సెంటరుకు పోవాల్సిందే.

ఆ తర్వాత డ్రైవు. సిగ్నళ్ల మధ్య, సిల్క్ బోర్డ్ జంక్షన్‌లో ఏమీ తెలియదు. నైస్ రోడ్డు మీదో, హెబ్బాళ దాటి విమానాశ్రయం వైపో ఖాళీ సమయంలో పోయి, ఎడమ లైనులో కొంత, కుడి లైనులో కొంత నడిపి చూడండి. రెండింటిలోనూ ఒకే దిక్కుకు గట్టిగా లాగితే తిరిగి షాపుకు. రోడ్డు వాలు మారినప్పుడల్లా దిక్కు మారితే బండిది తప్పు కాదు.

ఇంటికి వచ్చాక, పని జరిగిన రోజు నాలుగు మూలల ఎత్తు ఆ అలైన్‌మెంట్ కాగితం వెనకే పెన్సిల్‌తో రాసి, తేదీ, ఓడోమీటర్ అంకె వేసి, గ్లోవ్ బాక్సులో పెట్టండి. ఆరు నెలల తర్వాత టైరు లోపలి అంచు మళ్లీ అరగడం కనబడితే, మొదట మళ్లీ ఆ నాలుగు ఎత్తులూ కొలవండి. పాత అంకెలతో కలిస్తే కోణాల సంగతి చూడాలి. కలవకపోతే అలైన్‌మెంట్ షాపుకు పోనక్కర్లేదు, ఎయిర్ సస్పెన్షన్ చూసేవాడి దగ్గరికి పోవాలి. బండి అమ్మే రోజున కూడా ఆ కాగితం పనికొస్తుంది. ఇక సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు బండి చూడటానికి పోయేటప్పుడు జేబులో ఒక టేపు వేసుకుని, రాత్రంతా ఆగి ఉన్న బండినే, తెల్లారి ఓనర్ ఇంజిన్ వేయకముందు చూడటానికి వస్తామని ముందే ఫోన్ చేసి చెప్పాలి.